గోలలోంచి మాటను వేరు చేసిన మనిషి - నార్బర్ట్ వీనర్

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

శాస్త్రజ్ఞుల జీవితాలు చదవగా చదవగా ఒక సంగతి బోధపడుతుంది. కొందరు తాము కనిపెట్టిన వస్తువు పేరుతో లోకంలో నిలిచిపోతారు. ఇంకొందరు వస్తువేదీ కనిపెట్టరు, ఒక ఆలోచనా పద్ధతిని కనిపెడతారు. ఆ పద్ధతి వంద వస్తువుల్లోకి దూరి కూర్చుంటుంది కానీ పేరు మాత్రం పైకి కనపడదు. అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు నార్బర్ట్ వీనర్ ఈ రెండో కోవకు చెందినవాడు. రేడియో తరంగాల మీద వచ్చిపడే గోలను ముందుగానే ఊహించి, దాన్ని తీసివేసి, అసలు మాటను పట్టుకునే విద్యకు పునాది వేసిన వారిలో ఆయన ముఖ్యుడు. మనం ఎలక్ట్రానిక్స్ పాఠంలో వీనర్ ఫిల్టర్ అని రెండు పేజీలు చదివి, పరీక్ష రాసి, మరిచిపోతాం. ఆ రెండు పేజీల వెనుక ఒక మనిషి ఉన్నాడు. ఆయన జీవితం ఆ సూత్రం కంటే పెద్దది.

బాల మేధావి

వీనర్ 1894 నవంబరు 26న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, కొలంబియా పట్టణంలో పుట్టాడు. తండ్రి లియో వీనర్ అప్పటి రష్యా సామ్రాజ్యంలోని బియలిస్టాక్ నుంచి వలస వచ్చిన యూదుడు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండా వచ్చి, ఎన్నో భాషలు నేర్చి, చివరికి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్లావ్ భాషల ప్రొఫెసరు అయ్యాడు. టాల్‌స్టాయ్ రచనలను 24 సంపుటాలుగా ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడాయన. ఆ ఇంట్లో మాంసం ముట్టేవారు కారు. కొడుకు కూడా చివరిదాకా శాకాహారిగానే ఉండిపోయాడు.

తండ్రి కొడుక్కి తానే గురువయ్యాడు. ఆ చదువు మామూలు చదువు కాదు. చెప్పిన పాఠం అప్పజెప్పేటప్పుడు ఒక్క తప్పు దొర్లితే చాలు, అంతదాకా మెత్తగా ఉన్న తండ్రి ఉగ్రరూపం ఎత్తేవాడు. ఎనిమిదేళ్ల వయసులో పిల్లవాడి చూపు బాగా మందగించింది. ఆరు నెలలు పుస్తకం పట్టరాదని డాక్టర్లు ఆజ్ఞాపించారు. అయినా తండ్రి చదువు ఆపలేదు. నోటితో చెప్పించి, మనసులోనే లెక్కలు చేయించాడు. కాగితం లేకుండా గణితం చేసే అలవాటు అప్పుడే పట్టుబడింది.

పదకొండేళ్లకు హైస్కూలు, పద్నాలుగేళ్లకు టఫ్ట్స్ కాలేజీలో డిగ్రీ, పద్దెనిమిదేళ్లకు హార్వర్డ్‌లో పిహెచ్.డి. ఇవన్నీ 1906కూ 1913కూ మధ్య జరిగిపోయాయి. మనలో చాలామంది ఇంటర్ మార్కుల కోసం తంటాలు పడే వయసులో ఆయన డాక్టరేటు పుచ్చుకున్నాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దీని వెనుక ఒక గాయం ఉంది. కొడుకు గెలుపంతా తన శిక్షణ వల్లనేనని తండ్రి పత్రికల్లో చెప్పుకున్నాడు. అలాగైతే గెలిస్తే తండ్రి గొప్ప, ఓడితే మాత్రం కొడుకు తప్పు. ఈ ముల్లు వీనర్‌కు జీవితమంతా గుచ్చుకుంటూనే ఉంది. మధ్యలో జంతుశాస్త్రం చదవాలని కోరికతో హార్వర్డ్‌లో చేరాడు. చూపు సరిగా ఆనదు, చేతులు కుదురుగా ఆడవు, లేబరేటరీ పని చేతకాలేదు. అక్కడ నుంచి తత్త్వశాస్త్రానికీ, ఆ తర్వాత గణిత తర్కానికీ మళ్లాడు.

డాక్టరేటు తర్వాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లి బెర్ట్రాండ్ రస్సెల్ దగ్గర చదువుకున్నాడు. హార్డీ పాఠాలు విన్నాడు. మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీ ఈయనే. ఆపై జర్మనీలోని గాటింజెన్‌లో హిల్బర్ట్ దగ్గర కొంతకాలం గడిపాడు. ఇంత చదివినా తిరిగొచ్చాక స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. ఒక విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాశాడు, ఒక దినపత్రికలో పని చేశాడు, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో 1918లో ఫిరంగి గుళ్ల గమనానికి పట్టికలు లెక్కగట్టాడు. చివరకు 1919లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అంటే ఎం.ఐ.టి.లో, చిన్న లెక్చరరుగా చేరాడు. ఇక చనిపోయేదాకా ఆ సంస్థను వదలలేదు. 1926లో మార్గరెట్ ఎంగెమాన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు.

నది చెప్పిన పాఠం

ఎం.ఐ.టి. పక్కనే చార్లెస్ నది పారుతుంది. గాలికి ఆ నీటి మీద లేచే అలలను చూస్తూ వీనర్ ఆలోచనలో పడేవాడట. అలలు ఒక క్రమంలో ఉన్నట్టే ఉంటాయి, పట్టుకుందామంటే క్రమం చేజారిపోతుంది. ఇంతటి గందరగోళాన్ని గణితంలో ఎలా ఇమడ్చాలి? నీటిలో తేలే సూక్ష్మమైన రేణువు అటూ ఇటూ అడ్డదిడ్డంగా కదులుతుంది. దాన్ని బ్రౌనియన్ చలనం అంటారు. 1905లో ఐన్‌స్టీన్ దానికి భౌతికశాస్త్ర వివరణ ఇచ్చాడు. ఆ చలనానికి గట్టి గణిత రూపం 1920 తర్వాతి మూడు నాలుగేళ్లలో వీనర్ ఇచ్చాడు. దాన్నే ఈనాడు వీనర్ ప్రాసెస్ అంటున్నాం. 1930లో ఆయన ప్రచురించిన హార్మోనిక్ విశ్లేషణ వ్యాసం, గోలలో కూడా ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శక్తి ఉందో కొలిచే దారి చూపింది. 1933లో అమెరికా గణిత సంఘం వారి బోషే బహుమతి వచ్చింది. 1935-36లో చైనాలోని ట్సింగ్ హువా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి వచ్చాడు.

ఆయన పరధ్యానం గురించి కథలు కోకొల్లలు. వాటిలో ఏది నిజమో ఏది కల్పితమో తేల్చడం కష్టం కనుక ఇక్కడ రాయడం లేదు. మనిషి పొట్టి, లావు, దళసరి కళ్లద్దాలు, గడ్డం. పొగడ్తకు తొందరగా పొంగేవాడు, మాటకు తొందరగా కుంగేవాడు.

విమానమూ, పసుపుపచ్చ పుస్తకమూ

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్ విమానాలు ఇంగ్లండు మీద బాంబులు కురిపిస్తున్నాయి. విమానం ఇప్పుడున్న చోటికి గురిపెట్టి కాలిస్తే గుండు అక్కడికి చేరేలోపల విమానం ముందుకు పోతుంది. కనుక విమానం కొన్ని సెకన్ల తర్వాత ఎక్కడుంటుందో ముందే లెక్కగట్టాలి. పైగా రాడార్ ఇచ్చే కొలతల్లోనూ గోల కలిసి ఉంటుంది. వీనర్ 1940 చివర్లో ఈ సమస్య తీసుకుని, జూలియన్ బిగెలో అనే ఇంజనీరుతో కలిసి పని చేశాడు. 1942 ఫిబ్రవరిలో ఆయన నివేదిక రహస్య పత్రంగా వెలువడింది. దానికి పసుపుపచ్చ అట్ట. లోపలి గణితం కొరుకుడు పడక ఇంజనీర్లు దానికి పసుపు గండం అని ముద్దుపేరు పెట్టారు. రష్యాలో కాల్మొగొరోవ్ అనే మహా గణితజ్ఞుడు దాదాపు అదే ఫలితాన్ని విడిగా సాధించి 1941లోనే ప్రచురించాడు. ఆ సంగతి వీనర్ తర్వాత మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు.

తమాషా ఏమిటంటే ఆ విమాన యంత్రం యుద్ధంలో వాడుకలోకి రానేలేదు. తేలిక పద్ధతులతో చేసినవే దాదాపు అంత పని చేశాయి. యంత్రం పోయింది, ఆలోచన మిగిలింది. 1949లో ఆ పుస్తకం అందరికీ అందుబాటులో అచ్చయింది. ఆయన శిష్యుడు, సహచరుడు నార్మన్ లెవిన్సన్ దాన్ని సులువుగా లెక్క చేసే దారి చూపాడు.

ఆ ఆలోచన ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. మా తాత కాలంలో బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. ఇంజను దడ్ దడ్ దడ్ అని కొడుతూనే ఉంటుంది. కొంతసేపు విన్నాక తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మనకు ముందే తెలుస్తుంది. అంటే ఆ చప్పుడులో కొత్త సంగతి ఏమీ లేదు. అదే సమయంలో గెనిమ మీద నిలబడి ఎవరో కేకేస్తే, ఆ కేకలో ఏ మాట వస్తుందో ముందుగా తెలియదు. అందుకే ఇంజను మోతలోనూ మన చెవి ఆ కేకను పట్టుకుంటుంది. గడిచిన కొలతలను బట్టి రాబోయే కొలతను సాధ్యమైనంత దగ్గరగా ఊహించడం, ఆ ఊహలో తప్పు వర్గాల సగటు అన్నింటికంటే తక్కువ ఉండేట్టు చూడటం, ఇదే వీనర్ సిద్ధాంతం సారాంశం. ఊహకు అందినదాన్ని తీసివేస్తే ఊహకు అందనిది మిగులుతుంది. కొత్త సమాచారమంతా అందులోనే ఉంటుంది.

చల్లిన విత్తనం

ఇక రేడియో సంగతి. మామూలు ప్రసారం ఒక సన్నటి పౌనఃపున్య పట్టీలో నడుస్తుంది. శత్రువు ఆ పట్టీ మీదే బలమైన తరంగం వదిలితే మాట మొత్తం పోతుంది. దీనికి విరుగుడుగా సంకేతాన్ని వెడల్పైన పట్టీలో పరచి పంపే పద్ధతి పుట్టింది. దాన్నే స్ప్రెడ్ స్పెక్ట్రం అంటాం. వీనర్ నివేదిక వెలువడిన 1942లోనే, ఆగస్టు నెలలో, సినీనటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి పౌనఃపున్యాన్ని గెంతిస్తూ పోయే పద్ధతికి పేటెంటు పొందారు. ఇది ఒక రకం. ఇంకో రకంలో ప్రతి సమాచార బిట్టునూ వేగంగా మారే ఒక గజిబిజి కోడుతో గుణించి పంపుతారు. విత్తనమంతా ఒకే చాళ్లో పోస్తే పశువులు తొక్కిన ఒక్క దారితో పంట పోతుంది. చేనంతా చల్లితే ఆ దారి మేర మాత్రమే పోతుంది, మిగతా చేను పండుతుంది. ఇదీ అంతే.

జి.పి.ఎస్. ఉపగ్రహాలు ఈ రెండో రకానికి చక్కని ఉదాహరణ. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి మాట్లాడతాయి. పౌరులందరికీ అందే సంకేతం 1575.42 మెగాహెర్ట్‌జ్ దగ్గర వస్తుంది. దాని కోడు 1023 ముక్కల పొడవు, సెకనుకు 10 లక్షల 23 వేల ముక్కల వేగం. సమాచారం మాత్రం సెకనుకు 50 బిట్లే. అంటే ఒక్కొక్క బిట్టు మీద 20,460 ముక్కలు పరచి ఉంటాయన్నమాట. నేలకు చేరేసరికి ఈ సంకేతం రిసీవరులోని సహజమైన గోల కంటే కూడా కింద ఉంటుంది. రిసీవరు అదే కోడుతో మళ్లీ గుణించినప్పుడు పరచిన సంకేతం పోగై పైకి లేస్తుంది. మధ్యలో వచ్చిన సన్నటి తరంగం మాత్రం తిరగబడి పరచుకుపోయి పలుచనవుతుంది.

ఇంతవరకు బాగుంది. కానీ ఆ సన్నటి తరంగం సంకేతం కంటే లక్షల రెట్లు బలమైనదైతే? పలుచనైన తర్వాత కూడా అదే పైచేయి అవుతుంది. ఇక్కడే వీనర్ అక్కరకు వస్తాడు. సన్నటి పట్టీలోని తరంగం ఆయిల్ ఇంజను మోతలాంటిది, గడిచిన కొలతలను బట్టి తర్వాతిది చెప్పేయవచ్చు. పరచిన సంకేతం గజిబిజిగా ఉంటుంది కనుక ఊహకు అందదు. కాబట్టి కోడుతో గుణించే ముందే వచ్చిన తరంగాన్ని ఊహించి, ఆ ఊహను తీసివేస్తే, అడ్డు తరంగం చాలావరకు పోతుంది, సంకేతం చాలావరకు మిగులుతుంది. చాలావరకు అని ఎందుకన్నానంటే, కలుపుతో పాటు రెండు మొక్కలు కూడా వచ్చినట్టు, ఫిల్టరు సంకేతాన్ని కూడా కొంచెం దెబ్బ తీస్తుంది. అడ్డు బలంగా ఉన్నప్పుడు ఆ నష్టం లెక్కలోది కాదు.

అడ్డు తరంగం ఏదో ముందే తెలియదు, అది మారుతూ ఉంటుంది కూడా. 1960లో విడ్రో, హాఫ్ అనే ఇద్దరు తనంతట తానే సర్దుకునే ఫిల్టరు లెక్కను కనిపెట్టారు. 1978లో సూ, జోర్డానో అనేవారు ఊహించి తీసివేసే పద్ధతిని స్ప్రెడ్ స్పెక్ట్రానికి అన్వయిస్తూ వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత మిల్‌స్టీన్, ప్రోకిస్ వంటివారు దాన్ని పెంచారు. ఇవేవీ చూడటానికి వీనర్ లేడు. కానీ పునాది రాయి మాత్రం ఆ పసుపుపచ్చ పుస్తకమే.

కుదరదు అన్న ఉత్తరం

ఇంతదాకా రాసింది తెలివితేటల సంగతి. ఇక మీద రాయబోయేది గుండెధైర్యం సంగతి.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. వీనర్ మనసు విరిగిపోయింది. 1946 చివర్లో ఒక విమాన కంపెనీలో క్షిపణుల మీద పనిచేసే పరిశోధకుడు ఆయన పసుపు నివేదిక ప్రతి ఒకటి పంపమని అడిగాడు. వీనర్ పంపనన్నాడు. తన పని నిస్సహాయులైన జనం మీద పడే ఆయుధాలకు ఉపయోగపడుతుందని తెలిసి తెలిసి ఇవ్వలేనని ఉత్తరం రాశాడు. 1947 జనవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అది అచ్చయింది. ఇక ఆపై సైనిక పరిశోధనకు ఆయన చేయి కలపలేదు, ఆ డబ్బు ముట్టలేదు. యుద్ధం ముగిసిన ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాలకు సైన్యం డబ్బు ధారగా వచ్చేది. అలాంటప్పుడు అలా నిలబడటం మాటలు కాదు.

1948లో సైబర్నెటిక్స్ అనే గ్రంథం వెలువడింది. మెక్సికోకు చెందిన వైద్య శాస్త్రజ్ఞుడు ఆర్టురో రోసెన్‌బ్లూత్‌కు దాన్ని అంకితమిచ్చాడు. జంతువులోనైనా యంత్రంలోనైనా అదుపు ఎలా జరుగుతుంది, సమాచారం ఎలా ప్రవహిస్తుంది అన్నదే దాని విషయం. సామాన్యుల కోసం 1950లో మరో పుస్తకం రాశాడు. యంత్రాలు మనుషుల పని లాక్కుంటే కూలివాడి గతేమిటని 1949లోనే మోటారు కార్మిక సంఘం నాయకుడు వాల్టర్ రూథర్‌కు ఉత్తరం రాసి హెచ్చరించాడు. కృత్రిమ మేధ గురించి ఈనాడు మనం హాస్టలు గదుల్లో వాదించుకుంటున్న ప్రశ్నే అది.

మన దేశంలో

వీనర్ మన దేశానికి కూడా వచ్చాడు. 1953 చివర, 1954 మొదట ఒకసారి పర్యటించాడు. ఆ జనవరిలోనే ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ సమావేశాలు హైదరాబాదులో జరిగాయి. మళ్లీ 1955-56లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నెలల తరబడి ఉండి పాఠాలు చెప్పాడు. మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో అప్పటికే మన తెలుగువాడు సి.ఆర్.రావు పేరు పొంది ఉన్నాడు. రావుగారు 1920లో పుట్టింది హడగళిలో, అంటే అప్పటి బళ్లారి జిల్లాలో. 1882లో మన అనంతపురం జిల్లా విడివడింది కూడా ఆ బళ్లారి నుంచే. చదివింది వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో. కొలతల్లో తప్పు ఎంత తగ్గించగలమో, ఎక్కడ ఆగక తప్పదో ఆ హద్దును 1945లో చూపినవాడాయన. ఈనాటికీ సంకేతాల శాస్త్రంలో వీనర్ ఫిల్టరూ, క్రామర్-రావు హద్దూ ఒకే పుస్తకంలో పక్కపక్క అధ్యాయాలుగా కనిపిస్తాయి.

బొంబాయికి చెందిన పెసి మసానీతో కలిసి వీనర్ అనేక కొలతలను ఒకేసారి ఊహించే సిద్ధాంతం మీద పని చేశాడు. ఆ వ్యాసాలు 1957, 1958లలో వెలువడ్డాయి.

1964 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకం అందుకున్నాడు. రెండు నెలలు దాటగానే, మార్చి 18న, స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఒక విద్యాసంస్థ మెట్ల మీద కుప్పకూలి కన్నుమూశాడు. అప్పటికాయన వయసు 69.

మనకేమిటి?

సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఈ జీవితం రెండు ప్రశ్నలు వేస్తుంది.

మొదటిది ఊహకు సంబంధించినది. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన అంటారు. కానీ పదునుకు పడాల్సిన వాన పడకుండా, శనక్కాయ ఊడలు దిగేటప్పుడు మొహం చాటేసి, పీకేటప్పుడు పడితే ఆ సగటుతో ఏం చేసుకోవాలి? గడిచిన లెక్కలతో రాబోయేదాన్ని ఎంతవరకు చెప్పవచ్చో వీనర్ చూపాడు. ఎక్కడ చెప్పలేమో కూడా అదే లెక్క చూపిస్తుంది. ఆయన సూత్రానికి ఒక షరతు ఉంది, గతం నడిచిన తీరే ముందూ నడవాలి. ఆ తీరే మారిపోతే సూత్రం చేతులెత్తేస్తుంది. మన రైతుకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు.

రెండోది కష్టమైన ప్రశ్న. వీనర్ ఇవ్వనన్నంత మాత్రాన క్షిపణులు ఆగిపోయాయా? ఆగలేదు. పుస్తకం 1949లో అందరికీ దొరికింది, ఆయన సిద్ధాంతం క్షిపణుల్లోకీ యుద్ధ రేడియోల్లోకీ వెళ్లింది. జి.పి.ఎస్. కూడా అమెరికా సైన్యం కట్టుకున్నదే. పౌరుల సంకేతానికి కావాలని కలిపిన లోపాన్ని వారు 2000 మే 2న తీసివేశాకే అది మనకు బాగా అక్కరకొచ్చింది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లతోనే చేల హద్దులు కొలిచారు. యుద్ధానికి పుట్టిన విద్య రైతు గెనిమ దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పుడు వీనర్ పట్టుదల వృథా అనుకోవాలా?

నేనలా అనుకోను. విద్యను పెట్టెలో పెట్టి తాళం వేయడం ఎవరి వల్లా కాదు. అది ఒకసారి చల్లిన విత్తనం. కానీ ఆ విద్యతో నేను ఏ పని చేస్తాను, ఏ పని చేయను అని తేల్చుకోవడం మాత్రం ప్రతి మనిషి చేతిలోనూ ఉంటుంది. వీనర్ లోకాన్ని ఆపలేదు, తన చేతిని ఆపుకున్నాడు. అంతమాత్రం చేసినందుకే, శాస్త్రజ్ఞుడికి కూడా జవాబుదారీ ఉందన్న మాట ఆనాటి పత్రికల్లో చర్చకు వచ్చింది.

మిత్రులారా, రేపు మనలో కొందరు బెంగుళూరు కంపెనీల్లో, కొందరు హైదరాబాదు రక్షణ ప్రయోగశాలల్లో, కొందరు బడుల్లో పని చేస్తాం. దేశరక్షణ పని చేయడం తప్పని ఈ వ్యాసం చెప్పదు. వీనర్ కూడా హిట్లరు మీద యుద్ధానికి సాయం చేసినవాడే. చేసే పని ఎవరి మీద పడుతుందో ఒక్కసారి అడిగి చూసుకోమని మాత్రమే ఆయన జీవితం చెబుతుంది. చుట్టూ వినిపించే గోల ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది: జీతమెంత, ప్యాకేజీ ఎంత, పక్కవాడికెంత. అది ముందే ఊహించగలిగిన గోల. దాన్ని పక్కకు తీసి వింటే మిగిలే సన్నటి మాట ఒకటుంటుంది. దాన్ని వినడానికి ఏ రిసీవరూ అక్కర్లేదు.